మనవరాలిని పెంచుతున్న అమ్మమ్మకు సర్కారు సాయం ఏమైనా వస్తుందా?

వస్తుంది, కానీ మనమే అడగాలి. తల్లిదండ్రులు పోయి అమ్మమ్మ దగ్గరో నాయనమ్మ దగ్గరో ఉంటున్న పిల్లలకు మిషన్ వాత్సల్య అనే కేంద్ర ప్రభుత్వ పథకం కింద నెలకు 4,000 రూపాయలు మంజూరు చేస్తారు, కాకపోతే ఇంటి ఆదాయం ఏడాదికి ఊళ్లో 72,000, పట్నంలో 96,000 దాటకూడదు. దరఖాస్తు జిల్లా బాలల పరిరక్షణ విభాగంలో ఇవ్వాలి. ఎటు పోవాలో తెలియకపోతే పిల్లల హెల్ప్‌లైన్ 1098కి ఫోన్ చేయండి.

మా జగిత్యాల దిక్కు పక్కింటి పెద్దమ్మ, బీడీల చాట ఒళ్లో పెట్టుకుని ఆకు కత్తిరిస్తూనే మనవరాలితో ఎక్కాలు చెప్పించుకుంటుంది, ఆమె మాత్రం బిడ్డ, అల్లుడి డెత్ సర్టిఫికెట్లు ట్రంకుపెట్టె అడుగున పెట్టి మరిచిపోయి ఊరికే తిరిగింది. ముందు అవి తీసి పెట్టుకోండి.

ఇంకోటి, పెంచినంత మాత్రాన చట్టప్రకారం గార్డియన్ అయిపోరు. పిల్ల పేరున భూమి ఉండి అమ్మాల్సి వస్తే జిల్లా కోర్టు అనుమతి కావాల్సిందే.