లేహ్‌లో మూడు రోజులు ఊరికే కూర్చో

చిరంజీవి మేనకోడలికి మామయ్య ఆశీస్సులు.

లద్దాఖ్‌లో మార్ఖా లోయ ట్రెక్‌కి వెళ్తున్నావని మీ అమ్మ చెప్పింది. నువ్వు పంపిన ప్లాన్ చూశాను. ఢిల్లీలో తెల్లవారుజామున విమానం, మధ్యాహ్నం లేహ్ ప్యాలెస్, మర్నాడు ఖర్దుంగ్ లా కనుమ, మూడో రోజు నుంచి నడక. ఇది వేసినవాళ్లెవరో గానీ, లేహ్ అంటే మన ఆముదాలవలస స్టేషన్ అనుకున్నారమ్మా, దిగి బండి మారి పోవడానికి.

మన మహేంద్రగిరి 1,501 మీటర్లు. అలాంటివి రెండు ఒకదాని మీద ఒకటి పెట్టినా లేహ్ బజారు అందదు, అది 3,500 మీటర్లు. అక్కడ ఒక్కో ఊపిరికి అందే ఆక్సిజన్ ఇక్కడి దాంట్లో మూడింట రెండు వంతులే. ఒంటికి ఆ సంగతి అర్థమై, ఊపిరి వేగం పెంచుకుని, కిడ్నీలు కూడా దానికి తగ్గట్టు సర్దుకోవడానికి రెండు మూడు రోజులైనా పడుతుంది. ఆ రోజుల్ని ఎవరూ తగ్గించలేరు.

నేను మొదటిసారి వెళ్లినప్పుడు ఇరవై మూడేళ్లు. ఆర్మీలో ఆ ఎత్తుకి అలవాటు పడటానికి ఆరు రోజులు ఇస్తారు, మొదటి రెండు రోజులు పూర్తిగా విశ్రాంతే. నాకేం, వంశధార ఈదినవాణ్ణి అనుకుని రెండో సాయంత్రం దొంగచాటుగా వాలీబాల్ ఆడాను. రాత్రికి తల పగిలిపోతోంది, ఒకటే వాంతులు. నవ్వుతారని ఎవరికీ చెప్పలేదు. పక్క మంచం గఢ్వాలీ హవల్దారు చూసి డాక్టర్ దగ్గరికి లాక్కెళ్లాడు. కండబలానికీ ఎత్తు జబ్బుకీ సంబంధం లేదు. అసలు హుషారుగా ఉన్న కుర్రాళ్లకే ఎక్కువ ముప్పు, వాళ్లు ఆగరు కదా.

అందుకని గ్రౌండ్ ఫ్లోర్‌లో గది తీసుకో. దిగిన రోజు పడుకో, పుస్తకం చదువు, నీళ్లు తాగు. రెండో రోజు బజారు దాకా నెమ్మదిగా నడువు. మూడో సాయంత్రం శాంతి స్తూపం ఎక్కు, ఐదొందలకు పైగా మెట్లు. మధ్యలో ఆగాలనిపిస్తే ఆగు. పైకి చేరాక తలనొప్పి లేకపోతే సరే, ఉంటే ఇంకో రోజు ఆగాలి. ఖర్దుంగ్ లా ట్రెక్ అయ్యాక చూసుకోవచ్చు. అక్కడి పాత బోర్డు మీద దాని ఎత్తు 18,380 అడుగులని ఉండేది, నిజానికి 17,600కి కాస్త తక్కువే. ఫొటో దిగేవాళ్లకి ఈ సంగతి చెప్పకు, బాధపడతారు.

సెలవు దొరికితే శ్రీనగర్ నుంచి రోడ్డు మీద వెళ్లు, కార్గిల్‌లో ఒక రాత్రి ఆగి. మనాలీ దారి మాత్రం వద్దు. ఆ దారిలో చాలామంది సర్చూలో పడుకుంటారు, అది లేహ్ కంటే ఎత్తు.

ఎత్తు జబ్బు రాకుండా వేసుకునే డయామాక్స్ మాత్ర సంగతి ముందే డాక్టర్‌ని అడుగు. సల్ఫా మందులు పడకపోతే ఆ మాట తప్పకుండా చెప్పు. వేసుకుంటే వేళ్లు తిమ్మిరెక్కుతాయి, మాటిమాటికీ బాత్రూమ్‌కి వెళ్లాల్సి వస్తుంది, కంగారు పడకు. నిద్ర పట్టలేదని నిద్రమాత్ర వేసుకోవద్దు. మీ అమ్మ కర్పూరం మూట కట్టిస్తుంది. తీసుకెళ్లు, అమ్మ కోసం. దాంతో ఆక్సిజన్ మాత్రం పెరగదు.

తలనొప్పి, ఆకలి లేకపోవడం మామూలే, తగ్గేదాకా పైకి వెళ్లకు. కానీ కూర్చున్నా ఆయాసం, దగ్గు తగ్గకపోవడం, లేదా గీత మీద అడుగులో అడుగేసి నడవలేక తూలడం ఉంటే, అర్ధరాత్రయినా కిందికి దింపాల్సిందే. నీకే కాదు, నీ స్నేహితుల్లో ఎవరికైనా సరే. మార్ఖా దారిలో చివరి కనుమ 5,000 మీటర్లు దాటుతుంది, అక్కడ మొహమాటం పనికిరాదు.

తిండి గురించి చెప్పాలంటే, అక్కడ నీళ్లు 88 డిగ్రీలకే మరిగిపోతాయి, కుక్కర్ లేకపోతే అన్నం పలుకు పలుకుగానే ఉంటుంది. వేడి వేడి తుక్పా తాగు, బావుంటుంది. చోడిపిండి, పలాస జీడిపప్పు, కొంచెం ఆవకాయ పట్టుకెళ్లు. ఉప్పు వేసిన వెన్న టీ మొదటి గుక్కకి నాకు కక్కొచ్చింది, నాలుగో రోజుకి అలవాటైంది. ఎవరు కనిపించినా 'జూలే' అను, నమస్కారం అన్నట్టే.

మన దగ్గర తీసుకున్న ప్రీపెయిడ్ సిమ్ అక్కడ పనిచెయ్యదు, పోస్ట్‌పెయిడ్ పెట్టించుకో. నడక మొదలయ్యే ముందు రోజు మీ అమ్మకి ఫోన్ చేసి, ఫలానా తారీఖు దాకా సిగ్నల్ ఉండదని గట్టిగా చెప్పు. లేకపోతే ఆవిడ టెన్షన్ పడి నన్ను పడుకోనివ్వదు.

కొత్త షూ కొన్నావట కదా. ఆదివారం అవి వేసుకుని శాలిహుండం రా. ఆ కొండెక్కితే లేహ్ గాలి అలవాటు కాదు గానీ, షూ ఎక్కడ కరుస్తుందో తెలుస్తుంది. నాకు మోకాళ్లు ఒప్పుకోవు, కింద కూర్చుని ఉంటాను.

మీ మామయ్య,
శ్రీకాకుళం