హెచ్-1బి మీద ఉన్నాను, గన్ కొనుక్కోవచ్చా?

ప్రశ్న: డాలస్ దగ్గర అర్వింగ్‌లో ఉంటున్నాం. నాది ఉద్యోగ వీసా హెచ్-1బి, నా భార్యది దాని మీద వచ్చే డిపెండెంట్ వీసా హెచ్-4. గ్రీన్‌కార్డు కోసం కంపెనీ వేసిన ఐ-140 పిటిషన్ అప్రూవ్ అయింది. మూడేళ్ల బాబు ఉన్నాడు. నేను ఇల్లు చేరేసరికి రాత్రి పదకొండు దాటుతుంది. పోయిన నెల మా అపార్ట్‌మెంట్ పార్కింగ్‌లోనే ఒకాయనకు గన్ చూపించి డబ్బూ ఫోనూ లాక్కున్నారు. అప్పటినుంచి నడుముకు పెట్టుకునే చిన్న హ్యాండ్‌గన్ కొనాలని ఉంది. ఇంతవరకు గన్ చేత్తో పట్టింది లేదు. టెక్సాస్‌లో లైసెన్సు అక్కర్లేదంటున్నారు. గ్రీన్‌కార్డు ఉన్న స్నేహితుడు తన పేరు మీద కొనిస్తానంటున్నాడు. మొదటిసారి కొనేవాడికి 9 ఎంఎం పిస్టల్ మంచిదా, రివాల్వరా?

జవాబు: మీ భయం నాకు అర్థమైంది. ఇంట్లో పసివాడిని పెట్టుకుని రోజూ అదే పార్కింగ్‌లో కారు దిగాలంటే ఎవరికైనా గుండె దడగానే ఉంటుంది. అయినా ముందు ఈ మాట చెప్పాలి. ఇప్పుడున్న వీసా మీద మీరు పిస్టల్ కొనకూడదు, రివాల్వర్ కొనకూడదు, అసలు చేత్తో పట్టుకోకూడదు.

లైసెన్సు అక్కర్లేదన్న మాట సగమే నిజం. 2021 సెప్టెంబరు 1 నుంచి టెక్సాస్‌లో 21 ఏళ్లు నిండినవాళ్లు లైసెన్సు లేకుండా హ్యాండ్‌గన్ వెంట ఉంచుకోవచ్చు. కానీ గన్ ఉంచుకోవడానికి చట్టపరంగా అడ్డంకి లేనివాళ్లకే ఆ వెసులుబాటు. మీకు అడ్డంకి ఫెడరల్ చట్టంలో ఉంది. యూఎస్ కోడ్ 18వ టైటిల్, సెక్షన్ 922(జి)(5)(బి) ప్రకారం నాన్‌ఇమిగ్రెంట్ (తాత్కాలిక) వీసా మీద వచ్చినవాళ్ల దగ్గర గన్ గానీ తూటా గానీ ఉండకూడదు. హెచ్-1బి, హెచ్-4, చదువుకొనే పిల్లల ఎఫ్-1, కంపెనీ బదిలీ మీద వచ్చే ఎల్-1 అన్నీ ఇందులోకే వస్తాయి. ఐ-140 అప్రూవ్ అయినంత మాత్రాన మీ స్టేటస్ మారదు. గ్రీన్‌కార్డు దరఖాస్తు ఐ-485 వేసి హెచ్-1బి మీదే కొనసాగుతున్నా అంతే. ఇదివరకు పదేళ్లున్న గరిష్ఠ శిక్షను 2022లో 15 ఏళ్లకు పెంచారు.

‘దగ్గర ఉండడం’ అంటే సొంతంగా కొనుక్కోవడమే కాదు. మనవాళ్లు వీకెండ్‌లో సరదాగా షూటింగ్ రేంజ్‌కు వెళ్లి, అద్దె గన్ తీసుకుని నాలుగు రౌండ్లు కాలుస్తారు. ఆ కాసేపు చేతిలో ఉన్నా చట్టం దృష్టిలో అది మీ దగ్గర ఉన్నట్టే. ఆపైన ఫొటో దిగి ఫేస్‌బుక్‌లో పెడతారు. తేదీతో సహా సాక్ష్యం మీరే చేతికిచ్చినట్టు. ఎఫ్-1 మీద కొత్తగా వచ్చే పిల్లలకు ఈ సంగతి చెప్పేవాళ్లే లేరు. దయచేసి మీకు తెలిసిన పిల్లలకు చెప్పండి.

ఇక మీ స్నేహితుడి సంగతి. ఆయన మంచి మనసుతోనే అన్నాడు, కాదనను. కానీ దుకాణంలో కౌంటర్ మీద గన్ కొనేవాళ్లు నింపాల్సిన ఫెడరల్ ఫారం 4473 పెడతారు. నిజంగా కొంటున్నది నువ్వేనా అని అందులో అడుగుతారు. మీ కోసం కొంటూ ఆయన ‘అవును’ అని టిక్ పెడితే ఆ అబద్ధానికే పదేళ్ల దాకా జైలు పడవచ్చు. ఇలా వేరొకరి కోసం కొనడాన్ని 2022 నుంచి విడిగా కూడా నేరం చేశారు, దానికి 15 ఏళ్ల దాకా. ‘గిఫ్ట్‌గా ఇచ్చాడంటే సరిపోతుందిగా’ అంటారేమో. ఉంచుకోకూడని మనిషని తెలిసీ గన్ ఇవ్వడమే నేరం. పైగా గన్ కేసులో శిక్షపడితే గ్రీన్‌కార్డు ఉన్నవాళ్లనైనా దేశం నుంచి పంపించేయవచ్చు. మీకు సాయం చేయబోయి ఆయన తన కాపురాన్ని పణంగా పెట్టినట్టవుతుంది.

వేట లైసెన్సు తీసుకుంటే చాలని దుకాణాల్లో ఎవరో ఒకరు మీతో అంటారు. ఆ మినహాయింపు చట్టంలో ఉన్నమాట నిజమే. అయితే గన్ మీ దగ్గరున్న ప్రతిరోజూ ఆ లైసెన్సు చెల్లుబాటులో ఉండాలి. టెక్సాస్ వేట లైసెన్సు ఆగస్టు 31తో ముగుస్తుంది. రెన్యూ చేయడం మరిచిపోతే సెప్టెంబరు 1న తెల్లారేసరికి మీ బీరువాలో ఉన్నది ఫెడరల్ నేరం. ఆత్మరక్షణకని రాత్రిపూట వెంట తిప్పుకునే గన్‌కు దీన్ని ఆధారం చేసుకోమని నేను ఎవరికీ చెప్పను.

ప్రస్తుతానికి పెప్పర్ స్ప్రే పెట్టుకోండి. ఆత్మరక్షణకని దుకాణాల్లో అమ్మే చిన్న డబ్బాను టెక్సాస్ చట్టం అనుమతిస్తుంది. పార్కింగ్‌లో లైట్లు, కెమెరాల గురించి అపార్ట్‌మెంట్ ఆఫీసుకు ఈమెయిల్‌లో రాయండి. నోటిమాటగా చెబితే రేపు ఏ ఆధారమూ ఉండదు.

గ్రీన్‌కార్డు వచ్చాక మీ ప్రశ్న మళ్లీ అడగవచ్చు. ఈలోగా తెలుసుకోవడంలో తప్పులేదు కాబట్టి చెబుతున్నాను. చిన్నది కదా అని అరచేతిలో ఇమిడే పిస్టల్ కొనకండి. బరువు తక్కువైన కొద్దీ పేలినప్పుడు చేతిని గట్టిగా తంతుంది, కొత్తవాళ్లకు గురి కుదరదు. కాస్త పెద్దదైన 9 ఎంఎం నయం, తూటాలు కూడా ఎక్కడైనా దొరుకుతాయి. రివాల్వర్ వాడకం సులువే గానీ చిన్నవాటిలో సాధారణంగా అయిదు తూటాలే పడతాయి, ట్రిగ్గర్ గట్టిగా ఉంటుంది. గ్రీన్‌కార్డు చేతికొచ్చాకే రేంజ్‌లో రెండు మూడు రకాలు అద్దెకు కాల్చి చూసి, మీ చేతికి ఏది కుదిరితే అదే తీసుకోండి. ట్రిగ్గర్ పూర్తిగా మూసుకునే హోల్‌స్టర్ (గన్ ఒర) లేకుండా ఒక్కరోజు కూడా నడుముకు పెట్టుకోవద్దు. రాబడిలో సగానికి పైగా మద్యం నుంచే వస్తుందని తెలిపే, ఎర్ర అక్షరాల్లో 51% అని బోర్డు ఉన్న బార్లలోకి, స్కూళ్లలోకి తీసుకెళ్లకూడదు. బాబు ఉన్నాడు కాబట్టి తాళం వేసే పెట్టె తప్పనిసరి. 17 ఏళ్లలోపు పిల్లలకు లోడ్ చేసిన గన్ అందేలా వదిలేయడం టెక్సాస్‌లో నేరం.

ఇంకొకటి. అప్పుడు రేంజ్‌కు తీసుకెళ్లే బ్యాగ్ వేరుగా పెట్టుకోండి, ఇండియా ప్రయాణానికి దాన్ని వాడకండి. అడుగున ఒక్క తూటా మిగిలిపోయి శంషాబాద్ స్కానర్‌లో కనిపించినా ఆయుధ చట్టం, 1959 కింద కేసు పెడతారు. తెలియక తెచ్చానని నిరూపించుకునేసరికి మీ సెలవులన్నీ కోర్టు చుట్టూ తిరగడానికే సరిపోతాయి.