నిద్ర పట్టించే కీర్తన ఏదని అడిగారు

ప్రశ్న: మాది తిరుపతి. నా వయసు 46. మా ఆయన ఆర్టీసీ డ్రైవరు, మదనపల్లె రూటు. నెల రోజులుగా నాకు రాత్రిళ్లు నిద్ర లేదు. అమ్మ చెప్పిందని 91వ కీర్తన రోజుకు ఏడుసార్లు చదువుతున్నాను. బైబిల్ దిండు కింద పెట్టుకునే పడుకుంటున్నాను. తెల్లవారుజామున మేడ మీదికెక్కి కొండ లైట్లు చూస్తూ 121 కూడా చదువుకుంటాను. అయినా గుండె దడ తగ్గదు. నాలుగేళ్ల కిందట మా తమ్ముడికి పద్నాలుగు సవర్ల బంగారం ఇచ్చాను. చిత్తూరు దగ్గర తోతాపురి తోటలు కౌలుకు పట్టి, ధర పడిపోయి మునిగాడు. బంగారం వాడి పేరు మీదే తాకట్టులో ఉంది. వేసవిలో మా అమ్మాయి పెళ్లి. మా ఆయనకు ఈ సంగతి తెలియదు. పోయిన నెల ఆయన హారం పాలిష్‌కి ఇద్దామంటే, లాకర్లో ఉంది కదా, చూద్దాం అన్నాను. 'మగవాళ్లకు అన్నీ చెప్పకూడదు, ప్రార్థనలో పెట్టు' అంటుంది అమ్మ. నా విశ్వాసం తక్కువైందా? ధైర్యం రావాలంటే ఏ కీర్తన ఎన్నిసార్లు చదవాలి?

జవాబు: ఎన్నిసార్లు అన్న ప్రశ్నను ముందు పక్కన పెట్టేద్దాం. కీర్తన పూటకు రెండు చెంచాలు తాగే టానిక్ కాదు. పైగా 91వ కీర్తన సాతానుకు కూడా నోటికి వచ్చు. దేవాలయ శిఖరం మీద యేసును నిలబెట్టి, దూకు, దూతలు పట్టుకుంటారని చెప్పింది ఆ కీర్తనలోని మాటలతోనే కదా. కాబట్టి కంఠతా వచ్చినంత మాత్రాన ఏమీ కాదు. మీ విశ్వాసానికి వచ్చిన లోటు కూడా నాకేమీ కనపడలేదు.

మీ ఉత్తరం ఐదు పేజీలు. నాలుగు పేజీలు తమ్ముడి గురించే రాశారు. వాడి అప్పులు, వాడి పిల్లల ఫీజులు, ఫోన్ ఎత్తకపోవడం. మీ ఆయన గురించి నాలుగు ముక్కలే. తమ్ముడు బంగారం తీసుకెళ్లి నాలుగేళ్లయింది. మీకు నిద్ర పోయింది మాత్రం నెల కిందట. హారం పాలిష్ మాట వచ్చిందీ నెల కిందటే. అమ్మా, మీ నిద్ర చెడగొట్టింది తమ్ముడు కాదు. పక్కన పడుకున్న మనిషితో అబద్ధం చెప్పారు, అదీ సంగతి. నాలుగేళ్లూ చెప్పలేదంతే, దాచారు. పోయిన నెల మొదటిసారి నోటితో అబద్ధం చెప్పారు.

మీకు ఒక కీర్తన చెప్పమంటే నేను 32 చెబుతాను. 'నేను మౌనినై యుండగా... నా యెముకలు క్షీణించినవి' అంటాడు అందులో దావీదు. రాత్రీ పగలూ బరువుగా ఉందనీ, వేసవిలో ఎండినట్టు తన సారమంతా ఎండిపోయిందనీ చెప్పుకుంటాడు. మీ గుండె దడ గురించి మీరు రాసిన పేజీకి, దీనికి నాకు పెద్ద తేడా కనపడలేదు. తర్వాత ఆయన నోరు తెరిచి ఒప్పుకుంటాడు. 'నా దాగు చోటు నీవే' అన్న మాట వచ్చేది ఆ తర్వాతే. ఆ వరుస చూడండి. మీరేమో ముందు దాగు చోటు కావాలంటున్నారు, నోరు మాత్రం తెరవనంటున్నారు.

దేవుడి దగ్గర రోజూ ఒప్పుకుంటూనే ఉన్నానని అంటారేమో. ఆయనకు ఆ తాకట్టు కొట్టు అడ్రసుతో సహా తెలుసమ్మా. తెలియనిది మీ ఆయనకే. నీ గుడారంలో ఉండదగినవాడెవడని 15వ కీర్తన అడుగుతుంది. హృదయపూర్వకంగా నిజం పలికేవాడని అక్కడే జవాబు కూడా ఇస్తుంది.

121 సంగతి. తిరుపతిలో ఏ మేడ ఎక్కినా కొండే కదా కనిపించేది, మీరు అది చదువుకుంటున్నారంటే ఆశ్చర్యం లేదు. 120 నుంచి 134 వరకు ఆ పదిహేనూ యాత్రకీర్తనలు, యెరూషలేముకు ఎక్కిపోయేవాళ్లు దారిలో పాడుకున్నవి. అలిపిరి మెట్ల దగ్గర పుట్టి పెరిగినవాళ్లకు ఆ కాళ్ల నొప్పులు విడమరచి చెప్పక్కర్లేదు. కానీ అందులోనే 'కునుకడు నిద్రపోడు' అని దేవుడి గురించి ఉంది. ఆయన మేలుకుని ఉంటే మీరు కూడా మేడ మీద కాపలా ఎందుకు?

మా ఇంటి సంగతి ఒకటి చెబుతాను. మా అమ్మ దిండు కింద కూడా బైబిల్ ఉండేది. తాకట్టు రసీదులూ అందులోనే. తెరిస్తే మధ్యలో కీర్తనలే వస్తాయి కాబట్టి అవి అక్కడే ఉండేవి. ఒక సాయంత్రం కుటుంబ ప్రార్థనకు నాన్న తన కళ్లజోడు వెతుక్కుంటూ అమ్మ బైబిల్ తెరిచాడు. గులాబీ రంగు కాగితం ఒకటి ఒళ్లో పడింది. చదివాడు. మడిచి మళ్లీ అదే పేజీలో పెట్టాడు, ఆ రోజు చదవాల్సిన కీర్తన పూర్తిగా చదివాడు, ప్రార్థన ముగించాడు. తర్వాత పన్నెండు రోజులు అమ్మతో మాట్లాడలేదు. పదమూడో రోజు అన్నం ముందు కూర్చుని, "అడిగి ఉంటే నేను వద్దనేవాణ్నా?" అన్నాడు. అమ్మ దగ్గర దానికి జవాబు లేదు. ఆ గాజులు తర్వాత విడిపించారు. ఆ పన్నెండు రోజులు మాత్రం అమ్మ చివరిదాకా మర్చిపోలేదు.

అందుకే ఈ విషయంలో మీ అమ్మగారి మాట వినొద్దంటున్నాను. పెద్దావిడ, కొడుకును కాపాడుకోవాలనుకుంటుంది, అందులో తప్పు పట్టను. కానీ దానికి మీ కాపురాన్ని అడ్డం పెట్టకూడదు.

ఇంకో విషయం. పుట్టింటివాళ్లు పెట్టిన పది సవర్లు మీ స్త్రీధనం. దాని మీద హక్కు మీదేనని సుప్రీంకోర్టు 1985లోనే చెప్పింది. తమ్ముడి కష్టానికి ఇచ్చారు, అది నేరం కాదు, తలదించుకోకండి. అయితే మిగతా నాలుగు సవర్ల హారం మీ ఆయన చీటీ పాడి చేయించిందని మీరే రాశారు. ఆ ఒక్కదానికి మాత్రం క్షమాపణ అడగాలి, మెలికలు లేకుండా. ఆయనకు డ్యూటీ టెన్షన్ ఎక్కువ, చెబితే తట్టుకోలేడన్నారు. రోజూ భాకరాపేట ఘాట్‌లో యాభై మందిని కూర్చోబెట్టుకుని మలుపులు తిప్పే మనిషమ్మా ఆయన. తట్టుకుంటాడు. అరుస్తాడు, అరవనివ్వండి. పెళ్లికి నెల ముందు బయటపడితే తట్టుకోవడమే కష్టం.

వీక్లీ ఆఫ్ రోజు చూసి చెప్పండి. అన్నం తిన్నాక చెప్పండి, ముందు కాదు. మీ అమ్మగారిని, అమ్మాయిని పక్కన పెట్టుకోవద్దు. మొదటి వాక్యంలోనే "హారం లాకర్లో లేదు" అనేయండి. తమ్ముడి కష్టాల కథ తర్వాత.

ఆ తర్వాత ఇద్దరూ కలిసి తమ్ముడి దగ్గరికి వెళ్లండి, ఒంటరిగా వద్దు. 'భక్తిహీనులు అప్పుచేసి తీర్చకయుందురు' అని 37వ కీర్తనలో ఉంది, అవసరమైతే వాడికి అది చదివి వినిపించండి. మీకు 91 ఇచ్చిన అమ్మగారు వాడికి ఇది ఇచ్చినట్టు లేదు. వడ్డీ ఎప్పటిదాకా కట్టాడు, గడువెప్పుడో రసీదు చూసి తెలుసుకోండి. తాకట్టు వాడి పేరు మీద ఉంది కాబట్టి వేలం నోటీసు వాడికే వస్తుంది, మీకు రాదు. మొత్తం ఒకేసారి విడిపించలేకపోతే ముందు హారం.

నలభై ఆరేళ్ల వయసులో నిద్ర పట్టకపోవడానికి, దడకు నెలసరి ఆగే దశ కూడా కారణం కావచ్చు. ఒకసారి లేడీ డాక్టరుకు చూపించుకోండి.

తమ్ముడి దగ్గర్నుంచి వచ్చేటప్పుడు ఆ తాకట్టు రసీదు జిరాక్స్ ఒకటి తీసుకుని మీ దగ్గర ఉంచుకోండి. బైబిల్లో కాదు. బీరువాలో, మీ ఆయన చెయ్యి తగిలే అరలో.