అమ్మడూ, ముందు చక్రాలకు అడ్డు పెట్టు

విజయనగరం

అమ్మడూ,

నువ్వు పాత ట్రావెల్ ట్రైలర్, అదే కారు వెనక తగిలించుకునే చక్రాల ఇల్లు, కొన్నావని మీ నాన్న నిన్న ఫోన్ చేసి చెప్పాడు. సెలవుల్లో పిల్లల్ని తీసుకుని మీ అమెరికాలోని ఎల్లోస్టోన్ పార్కుకి వెళ్తావట, ట్రైలర్ ముందుభాగాన్ని పైకెత్తే ఎలక్ట్రిక్ జాక్ పని చేయట్లేదట, నువ్వే విప్పి బాగు చేసుకుంటానన్నావట. వినగానే భలే సంతోషమేసింది. లారీ షెడ్డు అన్నం తిన్న ఇంటి పిల్లవి, ఆ తెగువ నీకు కాక ఎవరికుంటుంది! కానీ రాత్రంతా నిద్ర పట్టలేదు. అందుకే ఈ ఉత్తరం.

ట్రైలర్ బాటరీకి వోల్టు మీటరు పెట్టి చూడు. 12.6 వోల్టుల దగ్గరుంటే నిండుగా ఉన్నట్టు, 12కి దిగితే చార్జింగ్ పెట్టు. బాటరీ నుంచి కరెంటు ఆపే కటాఫ్ స్విచ్ ఆన్‌లో ఉందో లేదో కూడా చూసుకో. తర్వాత ఫ్యూజు. బాటరీ పాజిటివ్ నుంచి జాక్‌కి వెళ్ళే వైరు మధ్యలో చిన్న డబ్బీలో ఉంటుంది, మామూలుగా 30 ఆంపియర్లది. పోతే అదే సైజుది వెయ్యి. పెద్దది వేసినా, రాగి తీగ చుట్టినా, ఈసారి కాలేది వైరే.

రెండూ బాగుంటే నా అనుమానం ఎర్త్ మీద, అంటే కరెంటు బాటరీకి తిరిగి వెళ్ళే దారి మీద. మొన్నామధ్య మీ అన్నయ్య దగ్గరికి వచ్చినప్పుడు వాడి ట్రైలర్‌దీ ఇదే రోగం. ఆ జాక్‌కి విడిగా నెగెటివ్ వైరు లేదు. ముందు ఇనుప ఫ్రేముకి మూడు బోల్టులతో బిగించి ఉంది, కరెంటు తిరిగి వెళ్ళేది వాటి మీదుగానే. కింద పెయింటూ తుప్పూ పేరుకుని, స్విచ్ నొక్కితే టక్కుమని ఆగిపోయేది. బోల్టు విప్పి, ఇనుము తెల్లగా మెరిసే దాకా ఎమరీ పేపరుతో రుద్ది, పళ్ళున్న వాషర్ వేసి బిగించాను. మళ్ళీ నొక్కితే ఆగకుండా లేచింది. నువ్వు మాత్రం ఒక్కో బోల్టే విప్పు, అదీ జాక్ మీద బరువు లేనప్పుడే.

మోటారు తిరుగుతున్నా జాక్ కాలు కదలకపోతే లోపల పిన్నో పళ్ళచక్రమో తెగినట్టు, మెకానిక్‌కి ఇచ్చెయ్యి. జాక్ నెత్తిన మూత తీస్తే చేత్తో తిప్పే హ్యాండిల్‌కి చోటుంటుంది. తిప్పాక హ్యాండిల్ తియ్యకుండా స్విచ్ నొక్కావో, గిర్రున తిరిగి మణికట్టు విరగ్గొడుతుంది.

ఇక అసలు మాట. మీ నాన్న ఎడమచేతి రెండు వేళ్ళు తలుపు సందులో పడి నలిగాయని నీకు చెప్పాడు. అది నిజం కాదు. అప్పట్లో మేమిద్దరం సాలూరులో పనిచేసేవాళ్ళం. ఇప్పుడది మన్యం జిల్లాలోకి వెళ్ళిందిలే, మాకు మాత్రం విజయనగరం జిల్లానే. ఊరంతా లారీలు, బాడీలు కట్టే షెడ్లు. ఘాట్ దిగివచ్చిన బళ్ళ బ్రేకులు కమురు వాసన కొట్టేవి. ఓ సాయంత్రం ఎవరిదో ట్రాక్టరు ట్రాలీ వచ్చింది. ట్రాక్టరు విప్పేసి ముందువైపు జాక్ మీద నిలబెట్టారు. చక్రాల కింద రాళ్ళు పెట్టమన్నాను. "నేల చదునుగానే ఉంది కదన్నయ్యా, ఒక్క నిమిషం పని" అని మీ నాన్న ట్రాలీ ముందు దూలం కింద చెయ్యి పెట్టి పిన్ను వెతుకుతున్నాడు. ట్రాలీ జానెడు జరిగింది, అంతే. జాక్ పక్కకి ఒరిగింది. పెద్ద చప్పుడు కూడా రాలేదు. వాడి అరుపు వినే నేను వెనక్కి తిరిగాను.

జాక్ బరువును మోస్తుంది, బండిని జరక్కుండా ఆపదు. కారు నుంచి ట్రైలర్ విప్పకముందే రెండు వైపులా చక్రాలకు ముందూ వెనకా దిమ్మలు పెట్టు. నేల మెత్తగా ఉంటే జాక్ పాదం కింద వెడల్పాటి చెక్క వెయ్యి. జాక్ ఒక్కదాన్నే నమ్మి కిందకి దూరితే ఊరుకోను. విడియోలో ఎవరో దూరారు కదా అని నాకు చెప్పకు! ఆ పని జరుగుతున్నంతసేపు పిల్లలు ట్రైలర్ లోపల ఉండకూడదు, చుట్టుపక్కల కూడా.

ఆ వేళ్ళు సరిగా ముడవలేకపోయినా చిన్నప్పుడు నీకు జడలు వేసింది మీ నాన్నే, గుర్తుందా? ఈ సంగతి నేను చెప్పానని వాడితో అనకు, బాధపడతాడు.

ఆదివారం జాక్ విప్పుతావట కదా. విప్పే ముందు వాట్సాప్‌లో ఫొటో పెట్టు, దిమ్మలు నాలుగు వైపులా కనపడాలి. నాకిక్కడ ఎంత రాత్రయినా పరవాలేదు, మేలుకునే ఉంటాను.

నీ పెదనాన్న