బాధ్యత లేదని సంతకం చేయించుకున్న కేర్‌హోమ్‌పై కేసు వేయొచ్చా?

ప్రశ్న: మా అమ్మకు 78 ఏళ్లు. పక్షవాతంతో కుడివైపు పడిపోయింది. నేను హైదరాబాద్‌లో ఉద్యోగం చేస్తూ ఆవిడను విశాఖపట్నం మధురవాడలోని ఒక కేర్‌హోమ్‌లో 18 నెలలు ఉంచాను. నెలకు 32 వేలు, డిపాజిట్ లక్ష. గత నెల తెల్లవారుజామున బాత్రూంలో పడి తుంటి ఎముక విరిగింది. ఆసుపత్రిలో చేర్చాక చూస్తే నడుం కింద లోతైన బెడ్‌సోర్ (కదలకుండా పడుకోవడం వల్ల పడే పుండు) ఉంది. అడిగితే, ‘ఏం జరిగినా మాది బాధ్యత కాదని మీరే సంతకం పెట్టారు’ అంటున్నారు. డిపాజిట్టూ ఇవ్వడం లేదు. ఏం చేయాలి?

జవాబు: కేసు వేయొచ్చు. డబ్బు తీసుకుని సంరక్షణ చేస్తామన్నవాళ్లు వినియోగదారుల రక్షణ చట్టం, 2019 ప్రకారం సేవ అమ్ముతున్నవాళ్లే. డబ్బు కట్టిన మీరూ, సేవ పొందిన అమ్మగారూ ఇద్దరూ వినియోగదారులే. సంతకం ఉన్నంత మాత్రాన నిర్లక్ష్యం మాఫీ అయిపోదు. ఆ షరతునే చెల్లదని ప్రకటించమని కోరాలంటే రాష్ట్ర వినియోగదారుల కమిషన్‌కు వెళ్లాలి. మీకు ఆ అవసరం లేదు. సేవాలోపానికి పరిహారం, వైద్య ఖర్చులు, డిపాజిట్ వాపసు కోరుతూ జిల్లా కమిషన్‌లో ఫిర్యాదు చేయండి.

అమ్మగారు పడిపోవడం గురించే మీరు ఎక్కువ బాధపడుతున్నట్టుంది. నా దృష్టిలో కేసుకు బలం పుండులో ఉంది. ఎంత కనిపెట్టుకుని ఉన్నా పెద్దవాళ్లు ఒక్కోసారి పడతారు, హోమ్ తరఫు వకీలు మొదట చెప్పేదీ అదే. ఒంటరిగా నడవలేరని తెలిసీ రాత్రి ఆయాను పెట్టలేదనో, పిలుపు గంట పనిచేయలేదనో, బాత్రూంలో పట్టుకునే కడ్డీ లేదనో మీరు చూపించాలి. లోతైన బెడ్‌సోర్ మాత్రం చాలావరకు ఒక్కపూటలో వచ్చేది కాదు. మంచం మీద ఉన్న మనిషిని సుమారు రెండు గంటలకోసారి పక్కకు తిప్పాలి, మడమల కింద ఒత్తిడి లేకుండా చూడాలి, తడిసిన డైపర్ వెంటనే మార్చాలి, రోజూ చర్మం చూడాలి. తోలు ఎర్రబడినప్పుడే ఎవరైనా చూసి ఉంటే అంత లోతుకు వెళ్లడం అరుదు.

అందుకే ముందు కాగితాలు సంపాదించండి. అన్నిటికన్నా విలువైనది ఆసుపత్రిలో చేర్చిన రోజు నర్సులు రాసిన నోట్. పుండు ఎక్కడ, ఎన్ని సెంటీమీటర్లు, ఏ దశలో ఉందో అందులో లేకపోతే, పుండు ఆసుపత్రిలోనే పుట్టిందని హోమ్ వాళ్లు అంటారు. రికార్డులు లిఖితపూర్వకంగా అడగండి. వైద్య మండలి 2002 నిబంధనల ప్రకారం డాక్టర్లు 72 గంటల్లో ఇవ్వాలి. హోమ్‌లో చేరిన నాటి ఫొటోలు, వాట్సాప్ సందేశాలు, నెలవారీ రశీదులు కూడా తీసి పెట్టుకోండి.

హోమ్‌కు స్పీడ్ పోస్టులో నోటీసు పంపండి. పక్కకు తిప్పిన చార్ట్, మందుల చార్ట్, ఆ రాత్రి డ్యూటీ జాబితా, సీసీ కెమెరా రికార్డింగ్ భద్రపరిచి నకళ్లు ఇవ్వమని అందులో రాయండి. ఆలస్యం చేస్తే రికార్డింగ్ చెరిగిపోతుంది. చార్ట్ చేతికొస్తే శ్రద్ధగా చదవండి. నెలంతా ఒకే పెన్ను, ఒకే చేతిరాత, అమ్మగారు ఆసుపత్రిలో ఉన్న రోజుల్లోనూ ‘ఎడమకు తిప్పాం’ అని టిక్కులు ఉన్నాయంటే, అదే మీకు మంచి సాక్ష్యం. ఆ హోమ్‌లో చికిత్స కూడా జరుగుతుంటే జిల్లా వైద్యాధికారి దగ్గర రిజిస్ట్రేషన్ ఉందో లేదో పది రూపాయల ఆర్టీఐ దరఖాస్తుతో తెలుసుకోండి.

ఫిర్యాదుకు గడువు ఘటన జరిగిన నాటి నుంచి రెండేళ్లు. మీరుండే చోట, అంటే హైదరాబాద్‌లోనూ వేయొచ్చు. కానీ సాక్షులు, రికార్డులు అన్నీ విశాఖలోనే ఉన్నాయి కాబట్టి అక్కడ వేయడమే మేలు. ఫీజును మీరు కోరే పరిహారాన్ని బట్టి కాక, హోమ్‌కు కట్టిన సొమ్మును బట్టి లెక్కిస్తారు. 18 నెలలకు 5,76,000 అయింది కాబట్టి 200 రూపాయలు. అవతలి పక్షం 30 రోజుల్లో జవాబివ్వాలి, మహా అయితే మరో 15 రోజులు పొడిగిస్తారు. ఆ తర్వాత జవాబు తీసుకోకూడదని 2020లో సుప్రీంకోర్టు రాజ్యాంగ ధర్మాసనం స్పష్టం చేసింది.

క్రిమినల్ దారి కూడా ఉంది. ఎముక విరగడం భారతీయ న్యాయ సంహిత (ఐపీసీ స్థానంలో వచ్చిన చట్టం) ప్రకారం తీవ్ర గాయమే, నిర్లక్ష్యం వల్ల జరిగితే సెక్షన్ 125(బి) వర్తిస్తుంది. నిస్సహాయులను చూసుకుంటామని ఒప్పుకుని బుద్ధిపూర్వకంగా చూడనివాళ్లకు సెక్షన్ 357 ఉంది. ఈ 357 కింద శిక్ష మూడు నెలల వరకే, అదొక్కటే అయితే మేజిస్ట్రేట్ అనుమతి లేకుండా పోలీసులు దర్యాప్తు చేయలేరు. పరిహారం రావాలంటే మాత్రం దృష్టి కమిషన్ మీదే ఉంచండి. ఆర్డీవో ట్రిబ్యునల్‌కు వెళ్లమని కొందరు సలహా ఇస్తారు. 2007 నాటి తల్లిదండ్రుల పోషణ చట్టం కింద అక్కడ పోషణ భత్యం అడిగేది పిల్లల నుంచి, బంధువుల నుంచి. హోమ్‌పై ఈ వివాదం అక్కడ తేలదు.

లాయర్ ఫీజు భారమనిపిస్తే అమ్మగారి పేరున జిల్లా న్యాయ సేవాధికార సంస్థలో దరఖాస్తు చేయండి. మహిళలకు ఆదాయంతో సంబంధం లేకుండా ఉచిత న్యాయవాదిని ఇస్తారు.