నారాయణపేట గ్రంథాలయంలో చేరబోతున్న మేనకోడలికి

చిరంజీవి మేనకోడలికి మామయ్య ఆశీస్సులు.

నారాయణపేటలో పోస్టింగు వచ్చిందని మీ అమ్మ ఫోనులో చెప్పింది. నువ్వు పంపిన కొత్త సేవల జాబితా కూడా చూశాను: డిజిటల్ విభాగం, పిల్లల మూల, శనివారం కథలు. అన్నీ మంచివే, కానీ అందులో నారాయణపేట ఎక్కడా కనిపించలేదు. అదే జాబితా నల్లగొండలో గోడకు అంటించినా చెల్లుతుంది.

మొదటి నెల ఏ సేవా మొదలుపెట్టకు. సందర్శకుల రిజిస్టరులో వచ్చినవాళ్ల సంతకాలుంటాయి, గుమ్మం దాకా వచ్చి వెనుదిరిగినవాళ్ల సంతకాలు ఉండవు. కాబట్టి సాయంత్రం దినపత్రికలు సర్దే పని కొన్నాళ్లు అటెండరుకు వదలకుండా నువ్వే చెయ్యి. ఉద్యోగ ప్రకటన ఉన్నచోట ఎవరో బ్లేడుతో కోసుకుపోయి ఉంటారు, పేజీలో కిటికీ తెరిచినట్టు. దాన్ని చూడగానే ‘కత్తిరించిన వారిపై చర్య తీసుకోబడును’ అని బోర్డు పెట్టడం మనవాళ్లకు అలవాటు. నన్నడిగితే అంతకన్నా నిజాయితీ గల సర్వే లేదు. ఏ ముక్క పోయిందో రాసుకో. కానిస్టేబులా, డీఎస్సీయా, గ్రూప్స్ పరీక్షలా అన్నది కొద్ది రోజుల్లోనే తేలిపోతుంది. తర్వాత పొద్దున్నే ఆ ప్రకటన జిరాక్సు తీయించి, చివరి తేదీ ఎర్ర సిరాతో పెద్దగా రాసి గుమ్మం దగ్గర పెట్టు. అయినా కోతలు ఆగలేదంటే వాళ్లకు కావలసింది ఇంకేదో ఉందన్నమాట. బహుశా దరఖాస్తు నింపడంలో సాయం.

‘మీకేం కావాలి’ అని మాత్రం అడగకు. మర్యాదకు ‘మంచి పుస్తకాలు తెప్పించండి మేడం’ అంటారు, నువ్వూ సంతోషంగా ఇండెంటు పెడతావు, బీరువా నిండుతుంది. ‘మొన్న ఏ కాగితం కోసం తిరిగారు? ఎక్కడికి వెళ్లారు? ఎంత ఖర్చయింది?’ అని అడుగు. జరిగిన సంగతి చెప్పేటప్పుడు ఎవరూ మొహమాటపడరు.

పోటీ పరీక్షల పిల్లలు తమ పుస్తకాలు తామే తెచ్చుకుంటారు. వాళ్లకు కావలసినవి కుర్చీ, వెలుతురు, మంచినీళ్లు, ఫోను ఛార్జింగుకు ఒక ప్లగ్గు. ఆడపిల్లలకైతే అన్నిటికన్నా ముందు తాళం వేయని మరుగుదొడ్డి. మధ్యాహ్నం తలుపులు మూసే చోట ఆ రెండు మూడు గంటలు వాళ్లు ఎక్కడ కూర్చుంటున్నారో ఒకసారి బయటికి వెళ్లి చూడు. పాఠకుడి సమయం కాపాడాలని మన గ్రంథాలయ శాస్త్రానికి పెద్ద దిక్కు రంగనాథన్ 1931లోనే సూత్రం రాసిపెట్టాడు. మనం ఆయన పుట్టినరోజు ఆగస్టు 12న పటానికి దండ వేసి, మధ్యాహ్నం మళ్లీ తలుపులకు తాళం వేస్తాం.

ఇక లోపలికి రానివాళ్ల సంగతి. ఇంటి పన్నులో రూపాయికి 8 పైసలు గ్రంథాలయ పన్నుగా పోతుంది. అది కట్టేవాళ్లలో అక్షరం రానివాళ్లూ ఉన్నారు, బొంబాయికీ పుణెకూ వలస వెళ్లి ఇంటికి తాళం వేసుకున్నవాళ్లూ ఉన్నారు. వాళ్ల డబ్బుతో నడిచే చోట వాళ్లకు దక్కుతున్నదేమిటి? పింఛను, రేషను కార్డు, అసంఘటిత కార్మికులకు ఈ-శ్రమ్ నమోదు, ఊళ్లో అవ్వ దగ్గర ఉండిపోయిన పిల్లల స్కాలర్‌షిప్పు... వీటి కాగితాలు చదివి చెప్పే బల్ల ఒకటి వేస్తే చాలు. మీసేవ వాళ్ల పని నువ్వు నెత్తిన వేసుకోనక్కర్లేదు, ఏ కాగితాలు జతచేయాలో ముందే చెబితే మనిషికి ఒక కూలి రోజు మిగులుతుంది. ఒక్కటి మాత్రం గట్టిగా పట్టుకో: ఆధార్ నకళ్లు గ్రంథాలయంలో ఉంచకు, ఎవరి ఓటీపీ నీ నోటితో అడగకు. సాయం చేయబోయి చిక్కుల్లో పడేది అక్కడే.

మరో మాట. అది కర్ణాటక సరిహద్దు. ఇంట్లో కన్నడం మాట్లాడే కుటుంబాలు అక్కడ తక్కువేమీ కాదు. పత్రికల స్టాండులో కన్నడ దినపత్రిక ఉందా? మగ్గం మీద కూర్చునేవాళ్లకు ఏ వేళ తీరికో కనుక్కున్నావా? పగలంతా నేసే మనిషికి మన పనివేళలు కుదరకపోతే పది పుస్తకాలు సంచిలో వేసి వాళ్ల వీధిలోనే ఎవరింట్లోనైనా ఉంచు, తేదీ చీటీ మీద ముద్రలు చూసి ఏవి కదులుతున్నాయో తెలుసుకో. కదలనివి మార్చు. ఒకటి రెండు పోతే పోనీ, బీరువాలో చెదపురుగులు తినేవాటికన్నా ఎక్కువేమీ పోవు.

ఏదైనా ముందు పాత బల్ల, ఖాళీ అట్టముక్క, ఒక వాలంటీరుతో రెండు వారాలు నడిపి చూడు. ఎవరూ రాకపోతే నిశ్శబ్దంగా ఎత్తేయవచ్చు. రిబ్బను కత్తిరించి ప్రారంభించిన దాన్ని ఎత్తేయడం నీ తరం కాదు, ఫొటోలో ఉన్నవాళ్లు ఒప్పుకోరు. పని నిలదొక్కుకుందనిపించాకే జిల్లా గ్రంథాలయ సంస్థ కార్యదర్శికి రాయి. అందులో విశేషణాలు వద్దు. ఏ తేదీన ఎందరు వచ్చారు, ఏ పనికి వచ్చారు, ఎందరి పని తీరకుండా పోయింది అన్నవి చాలు. నకలు నీ దగ్గర ఉంచుకో.

కన్నడ పత్రిక సంగతి మాత్రం చేరిన వారంలోనే ఏజెంటుతో మాట్లాడు. సంస్థ నుంచి చందా మంజూరయ్యేదాకా ఆ బిల్లు నాకు పంపు.

మీ మామయ్య