జావా పల్లెలో స్థలం కొనొచ్చా?

ప్రశ్న: ఇండోనేషియాలోని న్గ్లాంగెరాన్ అనే పల్లె చూడాలని, వీలైతే కొంత స్థలం కొనాలని ఉంది. కొనొచ్చా?
– ఒక పాఠకురాలు, రాయగడ

జవాబు: తప్పకుండా చూసి రండమ్మా. జావా దీవిలో యోగ్యకర్త నగరం దగ్గర, పాత అగ్నిపర్వతపు రాళ్ల పక్కన ఉంటుంది ఆ ఊరు. కోకో పండించి చాక్లెట్ చేస్తారు, ఇళ్లలోనే అతిథులకు గదులిస్తారు. 2021లో ఐక్యరాజ్యసమితి పర్యాటక సంస్థ ఉత్తమ గ్రామాల్లో దాన్నీ ఎంచింది.

స్థలం మాట మాత్రం వద్దు. అక్కడి 1960 భూచట్టం విదేశీయులకు పూర్తి యాజమాన్యం ఇవ్వదు. స్థానికుడి పేరున కొందామని ఎవరన్నా అంటే ఒప్పుకోకండి, ఆ లావాదేవీ చెల్లదు. మన ఒడిశా రాయగడలో ఆదివాసీ భూమి ఇతరుల చేతికి పోకుండా 1956 నిబంధన రక్షణగా ఉంది కదా, అక్కడి రైతుకూ అలాంటి రక్షణ ఉండటం నాకు సంతోషం. ఊరివాళ్ల ఇంట్లోనే దిగండి, చాక్లెట్ వాళ్ల దగ్గరే కొనండి.